గ్రాండ్ సూట్‌కి అంత డబ్బు పెట్టొచ్చా? గాల్వెస్టన్ క్రూజ్, 7 రాత్రులు, ఆరుగురం

#1 డల్లాస్_దిబ్బరొట్టె
మార్చిలో పిల్లల సెలవులకి గాల్వెస్టన్ నుంచి వెస్టర్న్ కరీబియన్ అనుకుంటున్నాం. రాయల్ కరీబియన్ వాళ్ల ఒయాసిస్ క్లాస్ ఓడ. మేమిద్దరం, పిల్లలు (11, 6), ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్న. అమ్మకి మోకాళ్ల నొప్పులు. వాళ్లిద్దరూ శాకాహారం. మందు ముట్టేది నేనొక్కణ్ణే, అదీ ఎప్పుడో ఒక గ్లాసు.

కోట్లు ఇవీ. టాక్సులు, పోర్ట్ ఫీజులు కలిపి, టిప్పులు కాకుండా:
ఏ) మా నలుగురికి బాల్కనీ క్యాబిన్ 6,100, అమ్మానాన్నకి పక్కనే బాల్కనీ క్యాబిన్ 4,000. మొత్తం 10,100 డాలర్లు.
బి) మాకు జూనియర్ సూట్ 7,900, వాళ్లకి బాల్కనీ 4,000. మొత్తం 11,900.
సి) మాకు గ్రాండ్ సూట్ 11,800, వాళ్లకి బాల్కనీ 4,000. మొత్తం 15,800.
డి) ఆరుగురికీ కలిపి రెండు బెడ్‌రూముల గ్రాండ్ సూట్. 19,600.

మా ఆవిడ సి అంటోంది. నాకు ఏ చాలనిపిస్తోంది, రూములో ఉండేదెంతసేపు అని. ఏజెంట్ మాత్రం "ఒకసారి సూట్ ఎక్కితే మళ్లీ మామూలు క్యాబిన్ ఎక్కరు సార్" అంటున్నాడు. తేల్చండి.

#2 నిద్రమొహం
ఏజెంట్‌కి కమిషన్ వచ్చేది టికెట్ రేటు మీద. ఆ మాట అనకపోతేనే ఆశ్చర్యపోవాలి.

#3 లెక్కల_మాస్టారు
ముందు "సూట్" అన్న పేరు పక్కన పెట్టి, తేడా డబ్బుకి చేతికి ఏమొస్తుందో చూడండి.

ఒయాసిస్ క్లాస్‌లో మామూలు బాల్కనీ క్యాబిన్ సుమారు 180 చదరపు అడుగులు. జూనియర్ సూట్ 290 దాకా, గ్రాండ్ సూట్ 370 దాకా. బయట బాల్కనీలు వరసగా 50, 80, 105. కాస్త అటూ ఇటూ ఉంటాయి, ఓడని బట్టి.

సి కి ఏ కి తేడా 5,700. గ్రాండ్ సూట్‌లో ఇంటర్నెట్ ఉచితం. మీరు ఎలాగూ రెండు ఫోన్లకి కొనేవాళ్లే అనుకుందాం. ఫోనుకి రోజుకి 20 డాలర్లు వేసినా వారానికి 280 మిగులు. కానీ టిప్పులు పెరుగుతాయి. గ్రాండ్ సూట్, ఆపై వాళ్లకి మనిషికి రోజుకి 2.50 డాలర్లు ఎక్కువ పడుతుంది. నలుగురికి ఏడు రోజులకి 70. అంటే నికరంగా 5,490, రాత్రికి 784 డాలర్లు. అదనంగా వచ్చే 190 అడుగుల గదికీ మిగతా మర్యాదలకీ కలిపి ఇదీ రేటు. ఆ మర్యాదలు మీకు పనికొస్తాయా లేదా అన్నదే అసలు ప్రశ్న.

#4 సూటుబూటు
మాస్టారు ఇంటర్నెట్ ఒక్కటే లెక్కేసి మిగతాదంతా "మర్యాదలు" అని ఒక్క మాటలో తేల్చేశారు. విడమరిచి చెప్తా.

స్ప్రింగ్ బ్రేక్ వారంలో ఒయాసిస్ క్లాస్ ఓడలో ఆరు వేల మంది దాకా ఉంటారు. పిల్లలు బోలెడు మంది. సముద్రంలో ఉన్న రోజు పొద్దున తొమ్మిదింటికి విండ్‌జామర్ బఫేలో ఆరుగురికి ఒక టేబుల్ దొరకాలంటే ఒకళ్లు ప్లేటు పట్టుకుని కాపలా కాయాలి. పూల్ దగ్గర కుర్చీలూ అంతే. గ్రాండ్ సూట్ వాళ్లకి మూడు పూటలా కోస్టల్ కిచెన్ (సూట్ల వాళ్ల రెస్టారెంట్), సూట్ లాంజ్, విడిగా సన్ డెక్, షోల్లో రిజర్వు చేసిన సీట్లు, ఎక్కేటప్పుడు వేరే లైన్. పైగా కన్సియర్జ్ ఒకడుంటాడు, రెస్టారెంట్ టైం మార్చాలన్నా, టూర్ రద్దు చేయాలన్నా గెస్ట్ సర్వీసెస్ లైన్‌లో నిలబడక్కర్లేదు.

గది సైజుకి డబ్బు పెట్టడం దండగే, ఒప్పుకుంటా. లైన్లు తప్పించుకోడానికి పెట్టడం మాత్రం దండగ కాదు. అదే నవంబర్‌లో, బడులున్న వారంలో ఇదే ఓడ ఎక్కితే నేనూ బాల్కనీయే చెప్తా.

#5 వంకాయ_బజ్జీ
సి లో ఒక తిరకాసు ఉంది, ఎవరూ చెప్పట్లేదు. ఆ సౌకర్యాలన్నీ సూట్‌లో బుక్ అయినవాళ్లకే. పక్క బాల్కనీలో ఉన్న అమ్మానాన్నకి కోస్టల్ కిచెన్‌లోకి, లాంజ్‌లోకి కార్డు పనిచేయదు.

#6 డల్లాస్_దిబ్బరొట్టె
ఇది నాకు తెలీదు. ఏజెంట్ ఈ ముక్క చెప్పలేదు!

#7 సూటుబూటు
#5 కరెక్టే. ఖాళీ ఉంటే ఏదో ఒక పూటకి కన్సియర్జ్‌ని అడిగి చూడొచ్చు గానీ, ఏడు రోజులూ నడవదు. ఆ లెక్కన మీకు డి అయినా ఉండాలి, లేదంటే సూటే వద్దు. మధ్యలో సి కుదరదు.

#8 నిద్రమొహం
కొడుకూ కోడలూ లాంజ్‌లో, అత్తగారూ మామగారూ బఫే లైన్‌లో. ఆ ఫొటో మాత్రం ఊళ్లో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

#9 కరీంనగర్_కెప్టెన్
గ్రాండ్ సూట్ల ఎంత జాగ ఉన్నా బాత్రూం ఒక్కటే ఉంటది అన్నా. పోర్టు రోజు ఏడున్నరకు టూరుకు దిగాలె అంటే నలుగురు ఒక్క బాత్రూంల ఎట్ల తయారైతరు? అక్క తలస్నానం చేసే రోజైతే ఇగ చెప్పనే వద్దు. మీకు రెండో బెడ్రూం కాదు, రెండో బాత్రూం కావాలె.

#10 లెక్కల_మాస్టారు
కెప్టెన్ మంచి పాయింట్ పట్టాడు. దాని మీదే ఇంకో లెక్క.

ఏ కోట్‌ని విప్పి చూడండి. ఇద్దరికి 4,000, నలుగురికి 6,100. అంటే మూడో మనిషికీ నాలుగో మనిషికీ ఒక్కొక్కరికి 1,050 పడింది. క్రూజ్ రేట్లు గదిలో మొదటి ఇద్దరి మీద నిలబడతాయి, తర్వాతి వాళ్లకి తగ్గుతాయి. టాక్సులు, పోర్ట్ ఫీజులు మాత్రం ఏ గదిలో ఉన్నా తలకింత అని సమానం.

ఇప్పుడు మూడు బాల్కనీలు తీసుకుంటే 12,000. జూనియర్ సూట్ ఉన్న బి ప్లాన్ 11,900. వంద డాలర్ల తేడాలో మూడు గదులు, మూడు బాత్రూములు, మూడు బాల్కనీలు. మా నలుగురికి జూనియర్ సూట్ అనుకునే ఎవరైనా ముందు చేయాల్సిన లెక్క ఇదే: అదే డబ్బుకి రెండు కనెక్టింగ్ గదులు (మధ్యలో తలుపున్నవి) వస్తున్నాయా?

#11 పాయింట్ల_పాపారావు
జూనియర్ సూట్‌ని మరీ అంత తీసిపారేయకండి. రాయల్ వాళ్లు 2016లో సూట్లని మూడు తరగతులు చేశారు: సీ, స్కై, స్టార్. జూనియర్ సూట్ సీ క్లాస్. దానికి కోస్టల్ కిచెన్ రాత్రి భోజనానికి మాత్రమే, అదీ ఖాళీని బట్టి. లాంజ్ లేదు, కన్సియర్జ్ లేదు, ఇంటర్నెట్ లేదు. టిప్పులు కూడా మామూలు క్యాబిన్ రేటే. గ్రాండ్ సూట్ నుంచి స్కై. రాయల్ లాఫ్ట్ లాంటివి స్టార్.

సీ క్లాస్‌లో అసలు లాభం క్రౌన్ అండ్ యాంకర్ (రాయల్ వాళ్ల లాయల్టీ స్కీం) పాయింట్లు. మామూలుగా రాత్రికి ఒకటి, జూనియర్ సూట్ నుంచి పైకి రెండు. 80 పాయింట్లకి డైమండ్ హోదా వస్తుంది. ఏటా రెండు మూడు క్రూజులు చేసేవాళ్లకి అక్కడికి తొందరగా చేరడానికి జూనియర్ సూటే చవకైన దారి.

#12 వంకాయ_బజ్జీ
అమ్మానాన్నని తీసుకుని ఒక్కసారి వెళ్లేవాళ్లకి పాయింట్లు దేనికి పాపారావు గారూ?

#13 పాయింట్ల_పాపారావు
వాళ్లకి అక్కర్లేదు. ఈ టాపిక్ చదివే అందరికీ చెప్తున్నా.

#14 డెక్‌ప్లాన్_దాసు
ఇంతవరకూ ఎవరూ డెక్ ప్లాన్ (ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే పటం) తెరిచినట్టు లేదు. దిబ్బరొట్టె గారూ, మీ కోట్‌లో "బాల్కనీ" అంటే ఏ బాల్కనీ? ఒయాసిస్ క్లాస్‌లో మూడు రకాలు: సముద్రం వైపు, లోపల సెంట్రల్ పార్క్ వైపు, వెనక బోర్డ్‌వాక్ వైపు. లోపలి వైపువి చవక, కానీ ఎదురు గది వాళ్లు మీ కాఫీ కప్పు చూస్తుంటారు, పరదా వేసుకునే ఉండాలి. బోర్డ్‌వాక్ వైపు అయితే రాత్రి ఆక్వా థియేటర్ చప్పుడు.

రెండో విషయం ఊపు. ఓడ ముందుకీ వెనక్కీ ఊగేటప్పుడు రెండు చివర్లా ఎక్కువ తెలుస్తుంది, మధ్యలో తక్కువ. పక్కలకి ఊగేటప్పుడు పై డెక్కుల్లో ఎక్కువ. పెద్ద సూట్లు చాలా ఓడల్లో పైనో చివర్లోనో ఉంటాయి, వ్యూ కోసం. మార్చిలో గల్ఫ్‌లో ఉత్తరం గాలి లేచిందంటే పై డెక్ సూట్ కంటే మధ్యలో, కింది డెక్‌లో ఉన్న మామూలు క్యాబిన్ హాయి. కడుపులో తిప్పే మనిషికి ఎక్కువ డబ్బు పోసి ఎక్కువ ఊగే గది కొనిపెట్టినట్టవుతుంది.

మూడోది, తలమీద ఏముందో చూడండి. పూల్ డెక్ కిందైతే పొద్దున్నే కుర్చీలు ఈడ్చే చప్పుడు. కింద థియేటర్, మ్యూజిక్ హాల్ ఉన్నా రాత్రి పదకొండు దాకా దడదడ. పైనా కిందా రెండు వైపులా క్యాబిన్లే ఉన్న గది పట్టండి.

#15 డల్లాస్_దిబ్బరొట్టె
సముద్రం వైపువే అన్నీ. డెక్ 9, మధ్యలో. జూనియర్ సూట్ మాత్రం ముందు వైపు చివర.

#16 డెక్‌ప్లాన్_దాసు
అయితే జూనియర్ సూట్ మీకు అస్సలు కాదు.

#17 మోకాలి_చిప్ప
అమ్మగారి మోకాళ్ల సంగతి. సూట్ అనగానే టబ్ ఉంటుందని మురిసిపోతారు. జూనియర్ సూట్‌లో, గ్రాండ్ సూట్‌లో స్నానం టబ్‌లోనే నిలబడి చేయాలి. దాని గోడ దాటడానికి కాలు మోకాలి దాకా ఎత్తాలి, దిగేటప్పుడు తడి. మామూలు క్యాబిన్‌లో షవర్‌కి చిన్న అంచు మాత్రమే ఉంటుంది, కాకపోతే ఇరుకు. పెద్దవాళ్లకి ఇరుకే నయం, ఎటు తూలినా గోడ చేతికందుతుంది. అందుకని డి తీసుకున్నా సరే, ఏ బాత్రూంలో టబ్ ఉంది, ఏ దాంట్లో షవర్ ఉంది అని అడిగి, షవర్ ఉన్న గది వాళ్లకివ్వండి.

బాత్రూం గడప కూడా కాస్త ఎత్తుగా ఉంటుంది. నిజంగా నడవలేని పరిస్థితైతే యాక్సెసిబుల్ క్యాబిన్ అడగొచ్చు. గడప ఉండదు, లోపల కూర్చుని స్నానం చేసే బెంచీ, పట్టుకోడానికి కడ్డీలు ఉంటాయి. సైజులోనూ మామూలు దానికంటే బాగా పెద్దది. కానీ అది అవసరమున్న వాళ్లకే, స్థలం కోసం తీసుకోకూడదు.

లిఫ్టుకి దగ్గరగా పట్టండి. ఓడ పొడవు 360 మీటర్లు. చివరి గదైతే భోజనానికి వెళ్లి రావడమే ఒక నడక.

#18 నిద్రమొహం
అడగడానికి మొహమాటంగా ఉంది గానీ, అంత డబ్బు పెట్టే సూట్‌లో హెల్త్ ఫాసెట్ ఉంటుందా?

#19 మోకాలి_చిప్ప
ఉండదు. కిటికీ లేని ఇన్‌సైడ్ క్యాబిన్ అయినా, రాయల్ లాఫ్ట్ అయినా మగ్గు మనమే పట్టుకెళ్లాలి.

#20 కరీంనగర్_కెప్టెన్
గదే అసలు సమానత్వం 😄

#21 పాతకాపు
మాస్టారు #10లో దగ్గరదాకా వచ్చి ఆగిపోయారు. ఏ ప్లాన్‌లో మనుషుల్ని 4+2గా ఎందుకు పెట్టాలి? 3+3గా పెట్టండి.

పెద్దవాడు తాతా నానమ్మల గదిలో, చిన్నది మీ గదిలో. ఒక్కో గది 4,000 + 1,050 = 5,050. రెండూ కలిపి 10,100. మీ ఏ కోట్‌కి ఒక్క డాలరు కూడా ఎక్కువ కాదు. ఒక్కో బాత్రూంకి ముగ్గురు. మధ్యలో కనెక్టింగ్ డోర్ తెరిస్తే మొత్తం 360 అడుగులు, గ్రాండ్ సూట్ అంత చోటు. బాల్కనీల మధ్య ఉన్న అడ్డు తలుపు కూడా చాలా గదులకి తీయించొచ్చు. మొదటి రోజు అటెండెంట్‌ని అడగండి, దానికి తాళం అతని దగ్గరే ఉంటుంది.

నలుగురు పడుకునే గదిలో ఇంకో ఇబ్బంది ఉంది. నాలుగో మంచం పైకప్పు నుంచి దిగుతుంది, సోఫా తెరుచుకుంటుంది, రాత్రి బాత్రూంకి వెళ్లాలంటే మనుషుల్ని దాటుకెళ్లాలి. ముగ్గురైతే సోఫా ఒక్కటే తెరవాలి.

#22 లెక్కల_మాస్టారు
#21కి నమస్కారం. ఇది నాకు తట్టలేదు.

#23 డెక్‌ప్లాన్_దాసు
3+3 బాగుంది కానీ చూసి పట్టాలి. కనెక్టింగ్ గదులన్నిట్లో సోఫా బెడ్ ఉండదు. తలుపు గోడని మింగేస్తుంది కాబట్టి కొన్నిట్లో సోఫా చిన్నదవుతుంది. డెక్ ప్లాన్ కింద గుర్తుల పట్టిక ఉంటుంది: కనెక్టింగ్‌కి ఒక గుర్తు, సోఫా బెడ్‌కి ఒకటి, పై మంచానికి ఒకటి. రెండు గదుల నంబర్ల పక్కనా కనెక్టింగ్, సోఫా బెడ్ రెండు గుర్తులూ కనబడాలి. "పక్కపక్క గదులు" అంటే కనెక్టింగ్ కాదు, ఏజెంట్‌తో "కనెక్టింగ్" అన్న మాటే వాడి అడగండి.

కనెక్టింగ్ డోర్‌లోంచి మాటలు వినబడతాయి. మీ వాళ్లే అవతల ఉంటే ఫరవాలేదు. అవతలి గది వేరేవాళ్లదైతే మాత్రం కనెక్టింగ్ తీసుకోకండి.

ఇంకోటి, ముగ్గురు నలుగురు పట్టే గదులు ముందు అయిపోతాయి. ఓడలో గదులున్నా, ఆ వైపు లైఫ్‌బోటుల్లో మనుషుల లెక్క నిండిపోతే మూడో మనిషిని ఎక్కించరు. సెలవుల వారానికి ఆగి చూద్దాం అనుకోవద్దు.

#24 సోడాబుడ్డి
మందు ప్యాకేజీ కొనే ఆలోచన ఉంటే ఒక రూలు గుర్తుంచుకోండి. ఒక గదిలో ఒకరు ఆల్కహాల్ ప్యాకేజీ కొంటే ఆ గదిలో బుక్ అయిన 21 దాటిన వాళ్లందరూ కొనాలి. మీరూ మీ ఆవిడా ఒకే గదిలో ఉంటే ఆవిడకీ పడుతుంది. ఎప్పుడో ఒక గ్లాసు అంటున్నారు కాబట్టి గ్లాసుకింత అని ఇచ్చుకోవడమే మేలు.

స్టార్ క్లాస్ సూట్ల రేట్లో ఈ డ్రింక్స్ ప్యాకేజీ, స్పెషాలిటీ రెస్టారెంట్లు, టిప్పులు అన్నీ కలిపే ఉంటాయి. అందుకే బాగా తాగి, రోజూ స్టేక్ తినే నలుగురు స్నేహితులకి స్టార్ క్లాస్ ఒక్కోసారి గిట్టుబాటవుతుంది. పప్పన్నం తినే ఇంటికి ఎన్నటికీ కాదు.

#25 ఆవకాయ_అలలమీద
పప్పన్నం అన్నారు కాబట్టి. కోస్టల్ కిచెన్ శాకాహారులకి పెద్ద లాభం కాదు. చిన్న మెనూ, అందులో వెజ్ ఒకటో రెండో. పెద్ద డైనింగ్ రూంలో మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి "ఇండియన్ వెజిటేరియన్, ఏడు రాత్రులూ" అని చెప్పి, ఉల్లి వెల్లుల్లి సంగతి కూడా చెప్పేయండి. మర్నాటి నుంచి పప్పు, పనీరు కూర, అన్నం, అప్పడం విడిగా చేసి తెస్తారు. అదే టేబుల్, అదే వెయిటర్ ఉండాలంటే "మై టైం" (నచ్చిన టైంకి వెళ్లేది) కాకుండా ఫిక్స్‌డ్ టైం డైనింగ్ పెట్టుకోండి. రోజూ కొత్త వెయిటర్‌కి మొదటి నుంచి చెప్పక్కర్లేదు. విండ్‌జామర్‌లో కూడా ఇండియన్ కూరలు దొరుకుతాయి.

రైస్ కుక్కర్, కెటిల్ లాంటివి పెట్టెలో పెట్టకండి, స్కానింగ్‌లోనే పట్టేసి పక్కన పెడతారు. ఇంట్లో పెట్టిన ఆవకాయ కంటే కొన్న సీల్డ్ ప్యాకెట్ సేఫ్.

#26 సూటుబూటు
తిండి విషయంలో ఆవకాయ గారితో వాదించను. కానీ రాయల్ ఒక్కటే ఓడ అన్నట్టు మాట్లాడుతున్నారు. నిజంగా సూట్ కావాలంటే "ఓడలో ఓడ" పద్ధతి ఉన్నవి చూడండి. నార్వీజియన్ కంపెనీ ఓడల్లో హేవెన్, ఎమ్మెస్సీ కంపెనీ ఓడల్లో యాట్ క్లబ్. కార్డు గీస్తేగానీ తలుపు తెరుచుకోని భాగం, దానికి సొంత రెస్టారెంట్, సొంత పూల్, బట్లర్. యాట్ క్లబ్ రేట్లో డ్రింక్స్, ఇంటర్నెట్ కలిసే ఉంటాయి. ఎమ్మెస్సీ సీస్కేప్ ఇప్పుడు గాల్వెస్టన్ నుంచే వెళ్తోంది, 2025 నవంబర్ నుంచి. మీ డి కోట్ పక్కన ఆ కోట్ కూడా తెప్పించుకోండి. అక్కడ ఆరుగురూ రెండు మూడు చిన్న యాట్ క్లబ్ గదుల్లో ఉన్నా అందరికీ ఒకే ప్రవేశం, అమ్మానాన్న బయట మిగలరు.

#27 వంకాయ_బజ్జీ
ఇది మంచి మాట. కానీ పిల్లలకి ఏం కావాలో కూడా చూడాలి కదా. ఒయాసిస్ క్లాస్‌లో జిప్‌లైన్, ఫ్లోరైడర్ (నీళ్ల మీద సర్ఫింగ్), ఐస్ షో టికెట్‌లోనే ఉంటాయి. పదకొండేళ్ల వాడికి బట్లర్‌తో పనేంటి?

#28 బిడ్డింగ్_బాబాయ్
ఎవరూ రాయల్‌అప్ ఎత్తలేదేంటి? మామూలు బాల్కనీ బుక్ చేసి, తర్వాత సూట్‌కి వేలం పాడొచ్చు. తెలియాల్సినవి:

స్క్రీన్ మీద కనిపించే మొత్తం మనిషికి. గదిలో మొదటి ఇద్దరికీ పడుతుంది, అంటే 800 పాడితే 1,600. మూడో మనిషికీ నాలుగో మనిషికీ పడదు కాబట్టి నలుగురున్న గదికి బిడ్ బాగా కలిసొస్తుంది. టిప్పులు కొత్త గది రేటు ప్రకారం పెరుగుతాయి. సూట్ సౌకర్యాలు వస్తాయి, డబుల్ పాయింట్లు రావు, మొదట బుక్ చేసిన గదిని బట్టే పాయింట్లు. ఒప్పుకునే దాకా బిడ్ మార్చుకోవచ్చు, తీసేయొచ్చు. ఒప్పుకున్నాక కార్డు మీద పడిపోయినట్టే, వెనక్కి రాదు. ఏ డెక్, ఏ మూల అన్నది మన చేతిలో ఉండదు.

#29 డెక్‌ప్లాన్_దాసు
ఆ చివరి వాక్యమే వీళ్లకి ప్రమాదం. 3+3 కనెక్టింగ్ పట్టి, ఒక గదికి బిడ్ గెలిస్తే ముగ్గురు డెక్ 9లో, ముగ్గురు ఇంకెక్కడో. రెండు గదులకీ బిడ్ వేసినా ఒకటే గెలవొచ్చు. పెద్దవాళ్లతో వెళ్తూ బిడ్ వద్దు.

#30 బిడ్డింగ్_బాబాయ్
ఒప్పుకుంటా. భార్యాభర్తలిద్దరే వెళ్లేటప్పుడు చేసే పని ఇది.

#31 వైజాగ్_కుర్రోడు
మధ్యలో దూరుతున్నా. వైజాగ్ నుంచి కార్డీలియా కంపెనీ క్రూజ్ ఎక్కితే అందులో సూట్ తీసుకోవచ్చా? మా వాళ్లు చెన్నై, పాండిచ్చేరి అంటున్నారు.

#32 పాతకాపు
కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ, ఒకప్పుడు రాయల్ కరీబియన్ వాళ్లదే, ఎంప్రెస్ ఆఫ్ ద సీస్. ఆ కాలం ఓడల్లో గదులు చిన్నవి, బాల్కనీలు తక్కువ. రెండు మూడు రాత్రుల ట్రిప్‌కి సూట్ ఎక్కడైనా సరే గిట్టదు. మొదటి రోజు మధ్యాహ్నం ఎక్కుతారు, చివరి రోజు పొద్దున్నే దింపేస్తారు. మధ్యలో షోలు, భోజనాలు. కిటికీ ఉన్న ఓషన్ వ్యూ గది తీసుకో, మిగతా డబ్బుతో ఇంకోసారి వెళ్లు. ఇన్‌సైడ్ మాత్రం మొదటిసారి వద్దు, ఎప్పుడు తెల్లారిందో తెలీదు.

#33 హెచ్1బి_బాధితుడు
దిబ్బరొట్టె గారూ, సూట్ తర్వాత, ముందు వీసాలు చూసుకున్నారా? ఈ రూటులో రోటన్ ఉంటే అది హోండురాస్. వీసా స్టాంపు గడువు తీరిన హెచ్1బి వాళ్లకి ఆటోమేటిక్ రీవాలిడేషన్ (ఆ పాత స్టాంపుతోనే తిరిగి రానివ్వడం) మెక్సికో, కెనడాల వరకే. ఇంకో దేశంలో ఓడ ఆగిందంటే అది వర్తించదు. అమ్మానాన్న బి2 వీసా మల్టిపుల్ ఎంట్రీదై, తిరిగొచ్చే రోజుకి గడువు ఉండాలి.

#34 డల్లాస్_దిబ్బరొట్టె
మేం సిటిజన్లం, వాళ్లది పదేళ్ల మల్టిపుల్. రూటులో రోటన్ ఉంది. మంచి పని చేశారు, మా ఫ్రెండు ఒకతను కూడా వస్తానంటున్నాడు, అతనికి చెప్తా.

#35 మోడరేటర్
వీసా ప్రశ్నలకి వేరే టాపిక్ ఉంది, అక్కడ అడగండి. ఇక్కడ సూట్ల గురించే.

#36 లెక్కల_మాస్టారు
బుకింగ్ షరతులు కూడా సూట్ ఖర్చులో భాగమే. రాయల్‌లో గ్రాండ్ సూట్, ఆపైన నాన్-రిఫండబుల్ డిపాజిట్ మీదే ఇస్తారు. ఓడ మార్చినా తేదీ మార్చినా మనిషికి 100 డాలర్లు. బాల్కనీ అయితే కొంచెం ఎక్కువ రేటుకి రిఫండబుల్ తీసుకోవచ్చు. ఇండియా నుంచి పెద్దవాళ్లు రావాల్సి ఉన్నప్పుడు, ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలీనప్పుడు రిఫండబుల్‌కి ఆ కాస్త ఎక్కువ ఇవ్వడం తప్పు కాదు.

5 రాత్రులు, ఆపై క్రూజ్‌లకి పూర్తి డబ్బు 90 రోజుల ముందు కట్టాలి. అప్పటిదాకా వారానికోసారి రేటు చూడండి. తగ్గితే ఏజెంట్ చేత తగ్గించిన రేటుకి మార్పించొచ్చు. ఆ 90 రోజుల గీత దాటాక రేటు తగ్గినా మనకి రాదు.

#37 నిద్రమొహం
ఏజెంట్ సంగతి కూడా చెప్పండి మాస్టారూ, ఆన్‌బోర్డ్ క్రెడిట్ (ఓడలో ఖర్చుకి వాడుకునే డబ్బు) అడగమని. కమిషన్‌లోంచి కొంత వెనక్కి ఇస్తారు చాలామంది. అడక్కపోతే ఇవ్వరు.

#38 సూటుబూటు
నా చివరి మాట. 3+3కి ఓటేస్తున్నా, పేరు మార్చుకోవాలేమో. కానీ మిగిలిన 5,700లో కొంచెం లైన్లు తప్పించడానికి పెట్టండి. చెకిన్ తెరిచిన రోజే చేసి ఓడ ఎక్కే టైం ముందుది పట్టుకోండి. షోలన్నీ యాప్‌లో ముందే బుక్ చేయండి. సముద్రంలో ఉన్న రోజుల్లో టిఫిన్‌కి బఫే మానేసి డైనింగ్ రూంకి వెళ్లండి, కూర్చున్న చోటికే తెస్తారు. అమ్మగారికి ప్లేటు మోసుకుంటూ తిరిగే బాధ ఉండదు. పోర్టు రోజు ఆరుగురికీ కలిపి సొంత వ్యాన్ మాట్లాడుకోండి. అమ్మగారికి సూట్ లాంజ్ కంటే అదే పనికొస్తుంది.

#39 డల్లాస్_దిబ్బరొట్టె
మా ఆవిడ మొత్తం చదివింది. కోస్టల్ కిచెన్‌లోకి అత్తయ్యా మావయ్యా రాలేరు అన్న దగ్గరే సి కొట్టేసింది. 3+3, డెక్ 9, రిఫండబుల్ అని ఏజెంట్‌కి చెప్పాం. దాసు గారు చెప్పిన రెండు గుర్తులూ ఉన్న జత లిఫ్టుకి నాలుగు గదుల దూరంలో దొరికింది. పైనా కిందా క్యాబిన్లే.

ఒక్క డౌటు. సోఫా బెడ్ రోజూ వేసి తీస్తారా? గదులు సర్దడం రోజుకి ఒక్కసారే అని ఎక్కడో చదివా.

#40 పాతకాపు
అవును, మామూలు క్యాబిన్లకి ఇప్పుడు ఒక్కసారే. సూట్లకి రెండుసార్లు. పొద్దునా సాయంత్రమా అని మొదటి రోజు అటెండెంట్ అడుగుతాడు. ఒక గదికి పొద్దున, ఇంకో గదికి సాయంత్రం చెప్పండి. పొద్దున సర్దిన గదిలో సోఫా మూయించి పగలంతా అందరూ అక్కడ కూర్చోవచ్చు. తాతగారి గదిలో మాత్రం ఏడు రోజులూ తెరిచే ఉంచమనండి, మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు పెద్దవాడికి కూడా చోటుంటుంది. తువ్వాళ్లు, ఐసు కావాలంటే ఎప్పుడడిగినా ఇస్తారు.

#41 కరీంనగర్_కెప్టెన్
సూట్‌కేసులు మంచం కింద పడతయి, ఖాళీ చేసి లోపలికి నూకుండ్రి. అక్కడ జాగ మస్తుంటది.